మూత్రపిండంలో దవ్వ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కిడ్నీ డాక్టరువి కదా, ఆరోగ్యం గురించి ఓ పది నిమిషాలు మాట్లాడమన్నారు కమిటీ వాళ్ళు. బీపీ, షుగరు గురించి చెబితే మీరు నిద్రపోతారు. అవి రోజూ పొద్దున్నే మీ వాట్సాప్‌లో వస్తూనే ఉన్నాయి. అందుకని ఒక్క మాట పట్టుకుంటాను. మనందరం ఈ బడిలోనే నేర్చుకున్న మాట: దవ్వ.

జీవశాస్త్రం నోటుబుక్కులో కాండం అడ్డుకోత గీసినా, మూత్రపిండం నిలువుకోత గీసినా, బాణం గుర్తులు పెట్టి బయటిది వల్కలం, లోపలిది దవ్వ అని రాసేవాళ్ళం. ఇంగ్లీషులో కార్టెక్స్, మెడుల్లా. మెడుల్లా అంటే లాటిన్‌లో మూలుగ. మన పుస్తకాలు రాసిన పెద్దలు వల్కలం కోసం ఋషుల నారచీరల దాకా వెళ్ళారు గానీ, దవ్వను మాత్రం వంటింట్లోంచి తెచ్చుకున్నారు. అరటి దవ్వ కూర తిన్న పిల్లవాడికి లోపలి పొర అంటే ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు. (నిజానికి మనం వండుకునే అరటి దవ్వ గెలను మోసే కాడే. వృక్షశాస్త్రం మేష్టారు ముందే కూర్చున్నారు కాబట్టి ఈ మాట ఇక్కడే ఒప్పేసుకుంటున్నాను.)

శరీరంలో దవ్వలు చాలా ఉన్నాయి. వెంట్రుకలోనూ ఉంది. పైన పెంకుల్లాంటి పొర, దాని లోపల వల్కలం, నడిమధ్య దవ్వ. మన జుట్టులో అది సన్నగా, తెగి తెగి ఉంటుంది. నూగు వెంట్రుకల్లో అసలే ఉండదు. లేకపోయినా మనకొచ్చిన నష్టం లేదు. అదే జింక వెంట్రుకలో అయితే దాదాపు అంతా దవ్వే, గాలి గదులతో నిండి చలిని ఆపుతుంది. మనిషి వెంట్రుకలో దవ్వ మందం మొత్తం మందంలో మూడో వంతు కూడా ఉండదు, చాలా జంతువుల్లో సగానికి మించి ఉంటుంది. దొరికిన వెంట్రుక మనిషిదా, జంతువుదా అని సూక్ష్మదర్శిని కింద తేల్చేది ఈ తేడాతోనే. ఇక అధివృక్క గ్రంథి దవ్వ ఎడ్రినలిన్ తయారుచేస్తుంది. లెక్కల పరీక్ష పేపరు చేతికిచ్చినప్పుడు మన గుండె దడదడలాడింది దానివల్లే. అది లేకపోయినా మనిషి బతుకుతాడు. దాని వల్కలం లేకపోతే, బయటి నుంచి హార్మోన్లు ఇవ్వనిదే బతకడు.

మూత్రపిండం సంగతి వేరు. గుండె పంపే రక్తంలో సుమారు అయిదో వంతు మన రెండు మూత్రపిండాలకే వెళుతుంది. అందులో దాదాపు తొంభై శాతం వల్కలానికే. దవ్వకు దక్కేది పదో వంతు. వల్కలంలో ఆక్సిజన్ పీడనం 50 మిల్లీమీటర్ల దాకా ఉంటే దవ్వలో 10 నుంచి 20. పని చూస్తే తక్కువేం కాదు. రోజుకు 180 లీటర్ల ద్రవం వడపోతకు వస్తుంది, మనం బయటికి పంపేది ఒకటిన్నర లీటరు. చాలా భాగం నీరు పైన వల్కలంలోనే వెనక్కి వెళ్ళిపోతుంది. మిగిలినదాన్ని చిక్కబరచడం దవ్వ పని. అందుకోసం అది తన చుట్టూ ఉప్పును పోగుచేసుకుంటుంది. దాని అట్టడుగున ఉండే చిక్కదనం రక్తానికి నాలుగింతలు. ఆ ఉప్పును తోడిపెట్టేది హెన్లీ శిక్యం. శిక్యం అంటే ఉట్టి. కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళే ఆ గొట్టానికి అంతకంటే మంచి పేరు నాకు తట్టదు. రక్తం జోరుగా పారితే పోగైన ఉప్పంతా కొట్టుకుపోతుంది. కాబట్టి దవ్వకు రక్తం తక్కువగానే రావాలి. అంటే అది ఎప్పుడూ ఊపిరి బిగబట్టి పనిచేస్తూ ఉంటుంది.

ఒంట్లో నీరు తగ్గినప్పుడు దవ్వకు ఉన్న ఆ కాస్త రక్తమూ తగ్గిపోకుండా ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కాపాడతాయి. మనం వాడే నొప్పి బిళ్ళలు, అంటే డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటివి, సరిగ్గా వాటినే ఆపేస్తాయి. నొప్పి తగ్గేదీ అందుకే, దవ్వ ఎండిపోయేదీ అందుకే. ఎండలో మిరప కోసి, నీళ్ళు చాలక, రాత్రికి ఒళ్ళు నొప్పులని మందుల షాపులో బిళ్ళ కొనుక్కుని మింగే మనిషికి రెండు దెబ్బలూ ఒకే రోజు తగులుతాయి. 1950ల్లో స్విట్జర్లాండులో గడియారాల కార్మికులు తలనొప్పి బిళ్ళలు రోజూ మింగి దవ్వ చివర్లు చచ్చిపోయే జబ్బు తెచ్చుకున్నారు. వాటిలో ఉన్న ఫినాసిటిన్ ఆ తర్వాత చాలా దేశాల్లో నిషేధమైంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బులోనూ మొదట దెబ్బతినే చోట్లలో దవ్వ ఒకటి. ఆక్సిజన్ తక్కువ, ఉప్పు ఎక్కువ ఉన్న ఆ చోట ఎర్రకణాలు కొడవలిలా వంగిపోతాయి.

శ్రీకాకుళం ఉద్దానం నుంచి వచ్చిన వాళ్ళు ఈ సభలో కొందరున్నారు. అక్కడి జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. కానీ అది ముందు పట్టేది జల్లెడను కాదు, గొట్టాలనూ వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ. అందుకే మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాళ్ళు వాయవు, మనిషి బాగానే కనిపిస్తాడు. రక్తంలో క్రియాటినిన్ పెరిగేసరికి సుమారు సగం పని పోయి ఉంటుంది. దవ్వ ముందే చెప్పే కబురు వేరు: పొద్దున లేవగానే పోసే మూత్రం కూడా నీళ్ళలా తెల్లగా ఉండటం, రాత్రి పదేపదే లేవాల్సి రావడం. మా వయసు మగవాళ్ళకు ప్రోస్టేట్ వల్లా, షుగరున్న వాళ్ళకు షుగరు వల్లా అలా లేవాల్సి రావచ్చు. కాబట్టి ఎవరూ ఇప్పుడే కంగారు పడకండి, పరీక్ష చేయించుకోండి.

రోగులకు ఈ సంగతి కార్టెక్స్, మెడుల్లా అని చెబితే తలూపి వెళ్ళిపోతారు. ఒకసారి ఒక కూలీ ఆవిడకు దవ్వ అని చెప్పాను. "అరటి దవ్వ లాంటిదా బాబూ, ఎండిపోతే పీచవుతుందా?" అని అడిగింది. అవునమ్మా, పీచే అవుతుంది. మా పాథాలజీ రిపోర్టులో ఫైబ్రోసిస్ అని రాసేది దాన్నే. ఆ తర్వాత ఆవిడ బిళ్ళలు మానేసింది. అరటి దవ్వ రసం తాగితే రాళ్ళు కరుగుతాయా అని కూడా అడిగింది. కరుగుతాయని నేను హామీ ఇవ్వలేనన్నాను. నీళ్ళు బాగా తాగితే మాత్రం కొత్తవి పుట్టే అవకాశం తగ్గుతుంది.

నీళ్ళంటే గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం బడి చూడటానికి వెళ్ళినప్పుడు ఎనిమిదో తరగతి ఆడపిల్లల్ని పలకరించాను. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగమన్నారు. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు, కుళాయిలో నీళ్ళు రావు, అందుకని తాగరు. మన అక్కలూ చెల్లెళ్ళూ యాభై ఏళ్ళ కింద చేసిందీ అదే. ఎండాకాలంలో రోజంతా నీళ్ళు మానేసిన పిల్లకు మూత్రం మంట, ఇన్ఫెక్షన్, కొన్నాళ్ళకు రాళ్ళు రావచ్చు. స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర స్వాగత తోరణం కట్టాలని కమిటీ ఆలోచన అని విన్నాను. తోరణం అందంగానే ఉంటుంది, నా పేరు కూడా చెక్కిస్తామన్నారు. నా వాటా డబ్బు మాత్రం మరుగుదొడ్లకు, నీళ్ళ ట్యాంకుకు రాసుకోండి. మిగతావాళ్ళు కూడా అలాగే అంటే అధ్యక్షులవారు కాదనరని నా నమ్మకం. సాయంత్రం సర్వసభ్య సమావేశంలో చేతులెత్తించండి.

భోజనాల తర్వాత వేపచెట్టు కింద కూర్చుంటాను. మోకాళ్ళ నొప్పులకు మీరు వాడుతున్న బిళ్ళల అట్టలు జేబుల్లోనో, హ్యాండ్‌బ్యాగుల్లోనో ఉంటే పట్టుకురండి, ఒక్కొక్కటీ చూసి చెబుతాను.