చెవి లోపలి కంతి, సన్నని ధమని

ఒక చెవి మాత్రమే మందగించి, అందులో ఎడతెగని హోరు వినవచ్చుచుండినను, వయసు దోషమని సరిపెట్టుకొనువారు అనేకులు. పెక్కుసార్లు కారణము స్వల్పమైనదే. కాని అరుదుగా, లోపలి చెవినుండి మెదడునకు పోవు నాడిపై పెరుగు కంతి దానికి మూలమై యుండును. ఇది క్యాన్సరు కాదు. ఇతర అవయవములకు వ్యాపింపదు. సాధారణముగా మెల్లగా పెరుగును. అయినను అది పెరుగు చోటు ప్రమాదకరమైనది. మేము నేడు ముఖ్యముగా చెప్పదలచినది ఆ చోట నుండు ఒక ధమనిని గూర్చి.

పుర్రె అడుగున, చెవి ఎముకకును మెదడు కాండమునకును నడుమ ఇరుకైన మూల యొకటి కలదు. ముఖమును కదలించు నాడియు, వినికిడి నాడియు అచట ప్రక్కప్రక్కనే నడచును. వాని చెంతనే సన్నని ధమని మెలి తిరిగి పోవును. చిన్న మెదడులో కొంత భాగమునకును, మెదడు కాండము ప్రక్క భాగమునకును నెత్తురు నందించునది ఇదియే. దీని శాఖ యొకటి లోపలి చెవిలోనికి పోవును. ఆ శాఖ తెగినచో వినికిడి పోవును. ఏలయన, అచటికి నెత్తురు తెచ్చు దారి వేరొకటి లేదు. మూలధమనియే మూసికొనిపోయినచో ప్రాణమునకే ముప్పు.

ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో శస్త్రవైద్యులు ఈ కంతిని వ్రేలితో పెకలించుచుండిరి. రోగులలో అధికసంఖ్యాకులు మరణించుచుండిరి. అమెరికాలో బోస్టను నగరమున హార్వీ కుషింగు 1917లో ఈ కంతులను గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆయన కంతి పైపొరను కదలింపక, లోపలి భాగమును మాత్రమే తొలిచివేయుచుండెను. మరణములు తగ్గెను గాని, మిగిలిన కంతి మరల పెరుగుచుండెను. పిమ్మట వాల్టరు డాండీ కంతిని పూర్తిగా తీయు మార్గమును చూపెను.

అయినను, శస్త్రచికిత్స ముగిసిన పిదప కొందరు ఏల మరణించుచుండిరి? 1949లో అట్కిన్‌సన్ అను వైద్యుడు ఈ ప్రశ్నకు సమాధానము ప్రకటించెను. మరణించినవారి మెదళ్లను పరీక్షింపగా, ఆ సన్నని ధమని మూసికొనిపోయి, మెదడు కాండములో కొంత భాగము నెత్తురు లేక చెడిపోయి యుండెను. ధమనిని కత్తి తాకనక్కరలేదు; లాగినను, ఒత్తినను అది బిగుసుకొనిపోవచ్చును. సిరలకును అపాయము కలదు. చెవి వెనుక ఎముకను ఆనుకొనియున్న పెద్ద సిర గాయపడినచో నెత్తురు వెల్లువగా వచ్చును. అందు నెత్తురు గడ్డకట్టినచో మెదడునుండి అది తిరిగిపోవు దారి అడ్డుపడును.

1960ల తొలినాళ్లలో లాస్ ఏంజిలిస్ నగరమున విలియం హౌస్ సూక్ష్మదర్శిని సాయముతో ఈ చికిత్స చేయసాగెను. ధమనిని స్పష్టముగా చూచి, కంతినుండి మెల్లగా విడదీయుటకు వీలు కలిగెను. నేడు ఎం.ఆర్.ఐ. చిత్రములు కంతిని చిన్నదిగా నుండగనే చూపుచున్నవి. అట్టి కంతిని కొంతకాలము కనిపెట్టి చూచుటయు, కిరణచికిత్స చేయుటయు కూడ కలదు.

‘అంతయు తీసివేసితిరా?’ అని బంధువులు వైద్యుని అడుగుట సహజము. ధమనికి అంటుకొనిన తునకను విడిచితినని ఆయన చెప్పినచో, దానిని అసమర్థతగా ఎంచవలదని మా మనవి. ఆ తునకను ఎప్పటికప్పుడు చిత్రములు తీయించి కనిపెట్టి చూడవచ్చును. నెత్తురందక చెడిపోయిన మెదడు భాగమును తిరిగి తేలేము. ఒక్క చెవియే మందగించినవారు జాగు చేయక చెవివైద్యునకు చూపించుకొనుట మేలు. కంతి చిన్నదిగా నున్నప్పుడే ధమనిని కాపాడుట సులభము.