ఐదు సెకన్ల తేడా (భూవిజ్ఞాన బోధకుల సభలో అధ్యక్షోపన్యాసం)

భూమిని కొలవడంలో రెండు పనులున్నాయి: నేల మీద దూరం కొలవడం, నక్షత్రాలను చూసి కోణం కొలవడం. రెండు లెక్కలూ కలిస్తే భూమి ఆకారం తేలుతుంది. కలవనప్పుడు, ఆ తేడా నుంచే భూమి లోపలి సంగతి ఒక్కోసారి బయటపడుతుంది. భారత సర్వే చరిత్రలో ఇందుకు గట్టి నిదర్శనం ఉంది. పాఠ్యపుస్తకాలు మాత్రం దాన్ని దాటేసి నేరుగా ఎవరెస్ట్ శిఖరం ఎత్తు దగ్గరికి వెళ్లిపోతాయి.

1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సుమారు 12 కిలోమీటర్ల ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలిచాడు. ఎండకు ఉక్కు సాగుతుంది కనుక పక్కన ఉష్ణమాపకాలు ఉంచి, ఆ సాగుదలను లెక్కలో సవరించారు. ఒక భుజం పొడవు, దాని రెండు కొసల దగ్గరి కోణాలు తెలిస్తే త్రిభుజమంతా తెలిసినట్టే. ఒక త్రిభుజం భుజం మీద ఇంకొక త్రిభుజం కట్టుకుంటూ, అర టన్ను బరువున్న థియోడొలైట్‌ను కొండలకూ గోపురాలకూ ఎక్కిస్తూ సర్వే ఉత్తరానికి సాగింది. 1823లో లాంబ్టన్ చనిపోయాక జార్జ్ ఎవరెస్ట్ దాన్ని హిమాలయాల పాదం దాకా తీసుకుపోయాడు.

చిక్కు అక్కడ వచ్చింది. మధ్యభారతంలో సిరోంజ్ దగ్గరి కల్యాణ్‌పూర్, దానికి ఉత్తరాన సుమారు 600 కిలోమీటర్ల దూరంలో, హిమాలయాలకు చేరువలో కలియానా. వీటి అక్షాంశాల మధ్య తేడాను త్రిభుజాల ద్వారా ఒకసారి, నక్షత్రాల ద్వారా ఒకసారి గణించారు. రెండు ఫలితాలూ 5.236 సెకన్ల మేర కలవలేదు. ఇవి కాలపు సెకన్లు కావు, కోణపు సెకన్లు. డిగ్రీలో 3600వ వంతు ఒక సెకను. నేల మీద అది సుమారు 31 మీటర్లకు సమానం. అంటే తేడా మొత్తం 160 మీటర్లు. ఆరు వందల కిలోమీటర్లలో ఇదెంత అనిపించవచ్చు. కానీ ఆ పరికరాల కచ్చితత్వం ముందు అది చిన్నది కాదు.

నక్షత్రాన్ని కొలిచేవారికి ‘నిలువు’ ఏదో చెప్పేది తూకపు గుండు. అది భూకేంద్రం వైపే వేలాడుతుందనుకుంటాం. పక్కన పెద్ద పర్వతరాశి ఉంటే దాని ఆకర్షణకు గుండు కాస్త అటు జరుగుతుంది, నిలువే తప్పుతుంది. కలకత్తాలో ఆర్చ్‌డీకన్‌గా ఉన్న జాన్ హెన్రీ ప్రాట్ మతాధికారే అయినా గణితంలో దిట్ట. హిమాలయాల, వాటి ఆవలి పీఠభూమి ద్రవ్యరాశిని అంచనా కట్టి, రెండు స్థలాల మధ్య రావలసిన తేడా 15.885 సెకన్లని తేల్చాడు. వచ్చింది అందులో మూడో వంతు. పర్వతాలు లాగవలసినంతగా లాగడం లేదు!

1855లో ఇంగ్లండు రాజఖగోళవేత్త జార్జ్ ఏరీ దీనికి వివరణ ఇచ్చాడు. తేలికైన భూపటలం తన కింది బరువైన పదార్థం మీద, నీటిలో దుంగలు తేలినట్టు తేలుతుంది. పైకి ఎక్కువగా కనిపించే దుంగ కిందికీ ఎక్కువగానే మునిగి ఉంటుంది. పర్వతం పైన ఎంత ఎత్తో, దాని వేరు కింద అంతకు చాలా రెట్లు లోతు. బరువైన పదార్థం ఉండవలసిన చోట తేలికైన వేరు ఉండటంతో పర్వతపు ఆకర్షణ చాలావరకు చెల్లిపోతుంది. ప్రాట్ దీన్ని ఒప్పుకోలేదు. వేరు లోతులో కాదు, సాంద్రతలో తేడా ఉందన్నాడు. ఇద్దరి వివరణలకూ మూలమైన, భూపటలం తేలుతూ సమతూకంలో ఉంటుందన్న సూత్రానికే తరవాత భూసమస్థితి అని పేరు వచ్చింది. భూకంప తరంగాలతో చూస్తే దక్షిణ భారతంలో చాలాచోట్ల భూపటలం మందం 35 నుంచి 40 కిలోమీటర్లు, టిబెట్ కింద 70 కిలోమీటర్ల దాకా, సముద్రాల అడుగున ఏడే. పర్వతాల విషయంలో ఏరీ మాటకే బలం ఎక్కువ. మధ్య సముద్రపు గట్ల దగ్గర మాత్రం ప్రాట్ పద్ధతే నప్పుతుంది.

గురుత్వ త్వరణాన్ని నేడు ‘గాల్’లలో కొలుస్తారు; గెలీలియో పేరు మీద వచ్చిన ప్రమాణమిది. సెకను వర్గానికి ఒక సెంటీమీటరు ఒక గాల్. భూమధ్యరేఖ దగ్గర సుమారు 978, ధ్రువాల దగ్గర 983. మూడు మీటర్లు పైకి ఎక్కితే సుమారు ఒక మిల్లీగాల్ (గాల్‌లో వెయ్యో వంతు) తగ్గుతుంది. అందులో నూరో వంతును కూడా పట్టగల గ్రావిమీటర్లు ఉన్నాయి. హైదరాబాదులో 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ చేసే పనుల్లో ఈ గురుత్వ సర్వేలు ముఖ్యమైనవి.

ఇదే గురుత్వ త్వరణాన్ని ఇంటర్మీడియెట్ ప్రయోగశాలలో లఘులోలకంతో కొలిచి 965 గాల్‌లు తెచ్చుకున్న విద్యార్థి రికార్డులో 980 అనే రాస్తాడు. అలా రాస్తేనే మార్కులు. దారం పొడవులో ఎంత దోషం, గడియారం కనీసపు కొలత ఎంత అని అడిగేవారు అరుదు. ప్రయోగం నేర్పవలసింది ఆ ప్రశ్నలే. ఆ లెక్కతోనే 965 కొలత దోషమో కాదో తేలుతుంది.

పర్వతాల లెక్క కుదిరినంత మాత్రాన తేడాలన్నీ తీరలేదు. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో సగటు సముద్రమట్టం, భూమికి ఊహించిన నున్నని దీర్ఘగోళం కన్నా 100 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. అక్కడ గురుత్వం బలహీనం. కారణం భూపటలంలో కాక, దాని కింద చాలా లోతున భూప్రావారంలో ఉందని పరిశోధకులు వాదిస్తున్నారు. ఆ లోతున ఏముందన్నదాని మీద మాత్రం ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.