చిత్తుప్రతి – ఆఫీసు కాపీ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను కవిని కాను, పండితుడను కాను, ముప్పదియొక్క సంవత్సరములు ఫైళ్లు వ్రాసిన ఉద్యోగిని మాత్రమే యని మనవి చేసికొంటిని. "అయితే ఫైళ్లను గురించియే మాట్లాడండి" అని వారు నవ్వినారు. నేనా మాటను నిజముగనే పట్టుకొంటిని. నేటి నా విషయము చిత్తుప్రతి. అయితే అది కార్యాలయములోని చిత్తుప్రతి కాదు. మన ఇండ్లలో మన పిల్లలు వ్రాయుచున్న కథల చిత్తుప్రతి.

మన పిల్లలలో కొందరు ఫ్యాన్ ఫిక్షన్ అను నొక విధమైన రచన చేయుచున్నారు. తమకు ప్రియమైన సినిమాలోని, నవలలోని, పురాణములోని పాత్రలను గైకొని, మూలకర్త చెప్పక విడిచిన దానిని తాము చెప్పుట దాని లక్షణము. వ్రాసిన దానిని ఆన్‌లైనులో ప్రకటింతురు. ఎక్కడెక్కడివారో చదివి అభిప్రాయములు తెలుపుదురు. దానికి వెల లేదు, పారితోషికము లేదు. పెద్దలమైన మనము దీనిని చదువు చెడగొట్టు వ్యసనముల పద్దులో వ్రాసికొనుట పరిపాటి. నేనును చాలకాల మట్లే తలచితిని.

కాని ఆలోచించి చూచినచో ఈ పని మనకు క్రొత్తది కాదు. 1957లో వచ్చిన 'మాయాబజార్' చిత్రమును ఇచ్చట చూడనివారుండరు. అందలి శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతమున లేదు. మన జనము తమ కిష్టమైన అభిమన్యునికి, ఘటోత్కచునికి ఒక ముచ్చటైన కథ కావలెనని కోరి కల్పించుకొన్నారు. రామాయణములోని స్త్రీల గొంతులతో ఓల్గా వ్రాసిన 'విముక్త' కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఉన్న కథలో లేని మూలను వెదకి, అచ్చట దీపము పెట్టుట తెలుగువాని పాత అలవాటే.

ఇతర దేశములలో ఈ రచనలకై పెద్ద భాండాగారములు ఏర్పడినవి. 2007లో అభిమానులే కూడి ఒక లాభాపేక్ష లేని సంస్థను స్థాపించి, 2009లో 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' అను దానిని అందరికిని తెరచిరి. ఆ భాండాగారమునకు 2019లో హ్యూగో పురస్కారము వచ్చినది. కనుక ఇది పిల్లలాట యని త్రోసివేయదగినది కాదు.

ఇక నా యింట జరిగిన సంగతి చెప్పెదను.

2019లో నాకు నాగపూరునుండి గౌహతికి బదిలీ అయినది. అప్పుడు మా అమ్మాయికి పదునారేండ్లు. మీ పిల్లలవలెనే అదియును హిందీ, ఇంగ్లీషులలో చదువుకొన్నది. తెలుగు అక్షరములు మాత్రము తెనాలిలో నున్న మా అమ్మ దగ్గర సెలవులలో నేర్చుకొన్నది. మాయాబజార్‌లో సూర్యకాంతము ధరించిన హిడింబి పాత్ర కలదు గదా. కొడుకును దీవించి పంపిన ఆ తల్లి అంతకు ముందు ఆ అడవిలో ఇన్నేండ్లు ఏమి తలచుకొనుచు బ్రదికినది అని మా అమ్మాయికి సందేహము కలిగినది. ఆ సందేహమునే కథగా వ్రాయ నారంభించినది, అదియును తెలుగులో.

ప్రతి సాయంకాలము తెనాలికి ఫోను చేసి, "నాయనమ్మా, అప్పుడు హిడింబి ఏమని ఉంటుంది?" అని అడిగెడిది. మా అమ్మ వంటయింటిలో పని చేసికొనుచునే హిడింబియై బదులు చెప్పెడిది. ఆమె మాటలను అది ఉన్నవి ఉన్నట్లు కథలో చేర్చుకొనెడిది. అయిదు ప్రకరణములు ప్రకటించినది. మరి నాలుగు వ్రాసి, దిద్దుటకు తన ఫోనులోనే యుంచుకొన్నది. బదిలీ ప్రయాణములో, సామానుల సందడిలో, ఆ ఫోను రైలులో పోయినది. ఎవరైన తీసిరో, ఎక్కడనైన జారినదో నేటికిని తెలియదు. ప్రకటించిన అయిదు ప్రకరణములు నిలిచినవి. ఆ నాలుగింటికి వేరు ప్రతి లేదు.

"ఏడవకమ్మా, కథ నీ బుర్రలోనే ఉందిగా, మళ్లీ వ్రాయి" అంటిని. అది నా వంక చూచినదే గాని బదులు చెప్పలేదు. నాయనమ్మను మరల అడిగి వ్రాసికొందమని అనుకొన్నది. ఆ చలికాలము దాటక మునుపే మా అమ్మ కాలధర్మము చెందినది.

పిమ్మట అది కథను జ్ఞప్తికి తెచ్చుకొన్నది. సంఘటనలు వచ్చినవి, వరుస వచ్చినది. మాటలు మాత్రము రాలేదు. నాయనమ్మ చెప్పిన వానిలో ఒక్క వాక్యమే దానికి నిలిచినది: "భీముడు వెళ్ళిపోయినందుకు కాదే అమ్మా దాని ఏడుపు. పిల్లాడు నాన్నేడని ఒక్కసారైనా అడగనందుకు."

ఆ వాక్యము విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా ఉద్యోగములో ఆఫీసు కాపీ లేకుండ ఒక్క ఉత్తరమును బయటికి పంపి యెరుగను. నాలుగు ఇనుప బీరువాల కొనుగోలును గూర్చి నేను వ్రాసిన ఉత్తరమునకు నకలు ఏదో ఫైలులో నేటికిని పదిలముగా నుండవచ్చును. మా అమ్మ మాటలకు నకలు లేదు. అపరిచితులైన గుమాస్తాల కెందరికో నేర్పిన పాఠమును కన్నబిడ్డకు నేర్పలేకపోతినే యను బాధతోనే నేడు మీ యెదుట నిలిచితిని.

పోయిన ప్రతిని గూర్చిన దుఃఖము మన సాహిత్యమునకును తెలియును. పోతన భాగవతములో కొన్ని భాగములు శిథిలము కాగా, పంచమ స్కంధమును గంగనయు, షష్ఠమును సింగనయు, ఏకాదశ ద్వాదశములను నారయయు పూరించిరని చదువుకొంటిమి. వారు భక్తితో చేసినది మహోపకారమే. వారివలన కథ పూర్తియైనది. పోతన నోటి మాట మాత్రము తిరిగి రాలేదు. తాటియాకు చివికిపోవునదే గనుక, తరమునకొకరు కూర్చుండి ప్రతి వ్రాసినందుననే మన గ్రంథములు మన దాక వచ్చినవి. ఆ ప్రతి వ్రాయు పని నేడు రెండు నిమిషములలో అగును. అందుచేతనే దానిని రేపు చేయుదమని వాయిదా వేయుచున్నాము.

ఇక మనకు తెలిసిన కార్యాలయ పద్ధతినే ఈ కథలకు అన్వయించి కొన్ని సూచనలు మనవి చేసెదను.

మొదటిది. డిస్పాచి బల్లమీద కూర్చుండి ఎవరును డ్రాఫ్టు వ్రాయరు. కథను ప్రకటించు చోటనున్న పెట్టెలోనే నేరుగా టైపు చేయుట అట్టి పనియే. నడుమ కరెంటు పోయినను, ఆన్‌లైను సంబంధము తెగినను వ్రాసినది పోవచ్చును. ఇందాక చెప్పిన 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్'లో, ప్రకటింపని చిత్తుప్రతిని సుమారొక నెల మాత్రమే యుంచి పిదప తొలగింతురు. ఆ సంగతిని వారు ముందుగనే చెప్పుదురు. అది శుద్ధప్రతులను నిలుపు చోటు. చిత్తుప్రతులకు బీరువా కాదు. కనుక కథను వేరొక చోట వ్రాసి, దిద్ది, భద్రపరచి, చివరకు అచ్చటికి కొనిపోవలెను.

రెండవది. ప్రతి చిత్తునకు తేదీ, సంఖ్య వేయవలెను. "కథ", "కథ చివరిది", "కథ నిజముగా చివరిది" అని పేర్లు పెట్టినచో నెల తిరుగక మునుపే ఏది ఏదియో తెలియదు. సంవత్సరము, నెల, తేదీ అను క్రమమున పేరు పెట్టినచో ఫైళ్లు తమంతట తామే వరుసలో నిలుచును. ప్రకరణ సంఖ్యలను 01, 02 అని వేయుట మేలు. లేనిచో కొన్ని చోట్ల 10వ ప్రకరణము 2వ దానికి ముందు వచ్చి కూర్చుండును. పెద్ద మార్పు చేయునప్పుడు పాత చిత్తును చెరిపివేయక, నకలు తీసి నకలునే దిద్దవలెను. నేడు కొట్టివేసిన వాక్యము రేపు కావలసి రావచ్చును.

మూడవది ఆఫీసు కాపీ. ఈ విషయమున కంప్యూటరు తెలిసినవారు చెప్పు సూత్రము 3-2-1. మూడు ప్రతులు, రెండు వేర్వేరు సాధనములమీద, అందొకటి వేరొక తావున ఉండవలెను. ఫోనులో నొకటి, ఇంటి కంప్యూటరులోనో పెన్ డ్రైవులోనో ఒకటి, ఆన్‌లైను నిలువలో నొకటి యున్న చాలును. కాని ఒక హెచ్చరిక. ఫోనును, ఆన్‌లైను నిలువను జతపరచి యున్నప్పుడు, ఇచ్చట చెరిపినది అచ్చటను చెరిగిపోవును. గూగుల్ డ్రైవులో 2020 అక్టోబరు నుండి చెత్తబుట్టలో పడిన ఫైలు 30 దినములు మాత్రమే యుండును. కనుక జతపరచినంత మాత్రమున నకలు ఉన్నట్లు కాదు. దేనికిని జతపరచని ప్రతి యొకటి విడిగా నుండవలెను. వానికి తోడు కాగితముమీద నొక ప్రతి తీసి పెట్టుమని కూడ నా సలహా. దానికి పాస్‌వర్డు అక్కరలేదు.

నాలుగవది తెలుగున వ్రాయువారికి ప్రత్యేకము. పూర్వపు కొన్ని తెలుగు ఫాంటులలో టైపు చేసిన ఫైలు, ఆ ఫాంటు లేని చోట తెరచినచో అర్థము లేని గుర్తులుగా కనబడును. యూనికోడులో తెలుగునకు 1991లోనే స్థానము లభించినది. అందులో వ్రాసిన దానిని ఏ దేశమున తెరచినను తెలుగుగానే చదువుకొనవచ్చును. నకలు తీసిన పిమ్మట ఒకమారు వేరొక యంత్రములో తెరచి చూడవలెను. తెరచి చూడని నకలును నమ్మరాదు.

అయిదవది మనబోటి ఉద్యోగులకు. సొంత కథలను, పిల్లల కథలను కార్యాలయ కంప్యూటరులో ఉంచరాదు. అది నియమమునకు విరుద్ధము. అంతేకాదు, బదిలీనాడు మనము పోదుము, యంత్రము అచ్చటనే యుండును.

ఆరవది. ఆమోదము లేని డ్రాఫ్టు బయటికి పోదు గదా! ప్రకటించుటకు ముందు మరియొకరిచేత చదివించుట ఆ రచయితలలోను ఆచారమే. అట్టివారిని బీటా రీడరు అందురు. కథ ఎవరి పాత్రలపై వ్రాసినదో తలలోనే చెప్పవలెను. జీవించియున్న రచయితల పాత్రలతో వ్రాసినదానిని అమ్ముకొనరాదు. పిల్లలు తమ అసలు పేరు, బడి పేరు, ఊరు ఇయ్యక కలము పేరుతో వ్రాయుట క్షేమము.

ప్రకటించితిమి గనుక ఇక భయము లేదని యనుకొనరాదు. జియోసిటీస్ అను చోట ఎందరో తమ పుటలను, అభిమాన కథలను నిలుపుకొనిరి. 2009లో అమెరికాలో దానిని మూసివేయగా, ప్రతులు దాచుకొననివారి వ్రాతలు చాల వరకు పోయినవి. ఉత్తరము చేరినను ఆఫీసు కాపీని మనము చింపివేయము గదా.

సోదరీసోదరులారా! ఇంగ్లీషులో ఒక కథ పోయినచో వేయి కథలు మిగులును. స్వరాష్ట్రమునకు దూరముగా క్వార్టర్లలో పెరిగిన పిల్ల తెలుగులో వ్రాసిన కథ పోయినచో, ఆ పిల్ల మరల తెలుగులో వ్రాయునన్న నమ్మకము లేదు. మా అమ్మాయి రెండేండ్లు కలము ముట్టలేదు. 2022లో మరల కూర్చుండి ఆ నాలుగు ప్రకరణములను పూర్తి చేసినది. వానిలో హిడింబి ఒక్క వాక్యము మాత్రమే పలుకును. మిగిలిన చోట్ల మౌనముగా నుండును. మొదటి అయిదింటిలో అంతగా మాటలాడిన హిడింబి తరువాత ఏల మూగవోయినదని ఎవరో పాఠకురాలు అడిగినది. మా అమ్మాయి బదులు వ్రాయలేదు. నాకు మాత్రము బదులు తెలియును.

ఆ తొమ్మిది ప్రకరణములును నేడు మూడు చోట్ల నున్నవి. నాలుగవ ప్రతి కాగితముమీద, మా అమ్మ పటము క్రింద బీరువాలో నున్నది. ఈ రాత్రి ఇంటికి పోయి మీ పిల్లలను ఒక్క ప్రశ్న అడుగుడు. ఏమి వ్రాయుచున్నావని గద్దించి కాదు, "దానికి నకలు ఎక్కడ ఉంచావమ్మా?" అని. బదులు రాకున్నచో ప్రక్కన కూర్చుండి రెండు నిమిషములలో నకలు తీయించుడు. పెద్దలు పలికిన మాట ఏదైన అందులో నున్నచో, దానిని మరల పలుకుటకు వారు ఎల్లకాలము ఉండరు.