కొండకు ముందు రాత్రి

జూబ్లీహిల్స్ ఎత్తున సైకిలు తొక్కినవారికి ఆయాసం అంటే ఏమిటో తెలుసు. టూర్ డి ఫ్రాన్స్ పందెం 1952లో మొదటిసారి ఎక్కిన ఆల్ప్ ద్యుయెజ్ కొండ దారి దాదాపు 14 కిలోమీటర్లు, 21 మలుపులు.

2018 నుండి ఆ పందెంలో జట్టుకు 8 మంది. సాధారణంగా నాయకుడు ఒక్కడే. మిగిలినవారు అతనికి ఎదురుగాలి తగలకుండా ముందు తొక్కుతారు, నీళ్ల సీసాలు మోసుకొస్తారు, కొండ మీద శక్తి అయిపోయి వెనుకబడతారు. ఆ సంగతి వారికి ముందు రాత్రే తెలుసు. అయినా ఉదయాన బయలుదేరుతారు.

ఫిలింనగర్‌లోనూ అంతే కదా! పోస్టరు మీద ముఖం ఒకరిది, లైట్లు మోసిన చేతులు ఎన్నో.

ప్రియులారా, రేపు మీ యెదుట ఉన్న కొండ ఏది? మీరు దానిని గెలవకపోవచ్చు. దప్పిగొన్న ఒకరికి నీళ్లందించి వెనుకబడినా, ఆ పరుగు వృథా కాదు. ప్రభువు మీకు తోడైయుండును గాక.