వలస వచ్చినవారును, పార్టీల అభ్యర్థిత్వమును
(వార్షిక మహాసభయందలి ప్రసంగ పాఠము)



ఎన్నికలు సమీపించినపుడెల్ల మన సంఘము పార్టీలవద్దకు ప్రతినిధులను పంపి, మావానికి టిక్కెట్టు నిండని యడుగుట యాచారమైయున్నది. ఆ మావాడెవడు? చేవెళ్ళ, మొయినాబాదు గ్రామములలో పుట్టినవాడా? బ్రతుకుతెరువునకై వచ్చి యిచట నిల్లు కట్టుకొన్న మనకులమువాడా? ఈ ప్రశ్నను మీయెదుట నుంచుచున్నాము.

మొదట చట్టమును చూతము. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ననుసరించి చేవెళ్ళ లోకసభ స్థానమునకు దేశమున నెచ్చటి వోటరైనను నిలువవచ్చును. శాసనసభకు ఈ రాష్ట్రపు వోటరై యుండవలయును. చేవెళ్ళ శాసనసభ స్థానము షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడినది గనుక, అభ్యర్థి తెలంగాణ జాబితాలోని కులమువాడు కావలెను; పొరుగు రాష్ట్రపు కుల ధ్రువపత్రము చెల్లదు. సర్పంచికి మాత్రము ఆ గ్రామముననే వోటుండవలయును. పదవి పెరిగినకొలది ఊరితో బంధము సడలుచున్నది!

చట్టము తెరచిన ద్వారమున నెవరిని పంపవలయునో పార్టీలు నిర్ణయించును. వోట్ల సంఖ్య, ధనము, కులపు లెక్క, ఇవి వారి కొలతలు. చేవెళ్ళ లోకసభ స్థానములోనిదే శేరిలింగంపల్లి. ఆంధ్ర ప్రాంతమునుండి వచ్చి స్థిరపడినవారచట పెక్కుమంది. అచట అరెకపూడి గాంధీగారు 2014లో తెలుగుదేశము తరఫునను, 2018లో తెలంగాణ రాష్ట్ర సమితి తరఫునను, 2023లో నదే పార్టీ భారత రాష్ట్ర సమితియైన పిదపను గెలుపొందిరి. ప్రత్యేక రాష్ట్రమునకై పోరాడిన పార్టీయే స్థిరపడినవారి యాదరణగల నాయకుని నిలిపినది. వోటరుల పట్టికకు గల బలమట్టిది. పట్టికలో పేరులేని వలసకూలిని మాత్రమే పార్టీయు తలపదు.

2023లో చేవెళ్ళ శాసనసభ ఫలితము 268 వోట్లతో తేలినది. అది యొక్క వాడలోని వోట్లకు మించదు. కావున మన మాట చిన్నది కాదు.

1919 నాటి ముల్కీ నిబంధనలు కొలువులకు 15 సంవత్సరముల నివాసమును కోరినవి. అభ్యర్థిత్వమునకు అట్టి గీత గీయుమని మేము కోరము. స్థానికుడైనను, వలస వచ్చినవాడైనను, మనకులమువాడైనను, కాకున్నను మూడు ప్రశ్నలడుగుడు: ఇన్నాళ్ళు మా కష్టసుఖములలో నెచట నుంటివి? జంట జలాశయముల రక్షణకై 1996లో వెలువడి మా భూములను కట్టివేసిన 111వ ఉత్తరువుపై నీ మాట యేమి? ఓడిన పిదపను ఇచటనే యుందువా?

సంఘ కార్యకర్తలు ప్రతి బస్తీకి పోయి, ఇచట స్థిరముగా నివసించు కూలిజనుల పేర్లను వోటరుల పట్టికలో నెక్కింపవలయును. ప్రతినిధులను పార్టీలవద్దకు పంపుట ఆ పిమ్మటి పని యని విన్నవించి విరమించుచున్నాము.