స్ఫటికం పుట్టే చోటే దిద్దుకుందాం



నీళ్లలో సరిగా కరగని మందుల గురించి ఈ సదస్సులో రెండు రోజులూ మాట్లాడుకోబోతున్నాం. ఇబుప్రొఫెన్, కార్బమజెపిన్, గ్రిసియోఫుల్విన్ ఆ కోవలోవే. పేగు గోడను సులువుగా దాటగలవు. దాటాలంటే ముందు కరగాలి కదా, చిక్కంతా అక్కడే. గ్రిసియోఫుల్విన్‌ను మెత్తగా నూరి ఇస్తే మోతాదు సగానికి తగ్గించవచ్చని వైద్యులు అరవై ఏళ్ల కిందటే గమనించారు. అప్పటినుంచీ మనకు మిల్లే దిక్కయింది. జీడిమెట్లలోనో పరవాడలోనో మందుల ఫ్యాక్టరీలో మైక్రోనైజర్ మిల్లు దగ్గర నిలబడ్డవారికి దాని బాధలు తెలుసు. పొడి వేడెక్కుతుంది, విద్యుదావేశం పట్టి గోడలకు అంటుకుంటుంది, ఉండలు కడుతుంది, టాబ్లెట్ ప్రెస్‌లోకి జారనని మొరాయిస్తుంది. పెద్ద స్ఫటికాన్ని పెంచి, ఆరబెట్టి, ఆ తర్వాత పగలగొట్టడం నాకెప్పుడూ వృథా శ్రమగానే కనిపిస్తుంది.

మిల్లులా కాక, అల్ట్రాసౌండ్ స్ఫటికం పుట్టేటప్పుడే పని చేస్తుంది. 20 కిలోహెర్ట్జ్, ఆపై తరంగాలు ద్రావణంలోకి పంపితే సూక్ష్మమైన బుడగలు పుట్టి, పెరిగి, ఒక్కసారిగా కూలిపోతాయి. ఆ కూలిన చోట క్షణంలో అతి చిన్న భాగం పాటు ఉష్ణోగ్రత వేల డిగ్రీలకు చేరుతుంది, ఒత్తిడి ఎగబాకుతుంది. మామూలుగానైతే ద్రావణం బాగా అతిసంతృప్తం అయ్యేదాకా ఆగే స్ఫటిక కేంద్రకాలు ఇక్కడ ముందుగానే, ఒకేసారి అసంఖ్యాకంగా పుడతాయి. ఉన్న మందునంతా అవన్నీ పంచుకోవాలి కాబట్టి ఏ ఒక్కటీ పెద్దదిగా పెరగదు. ఫలితంగా చిన్నవి, దాదాపు ఒకే పరిమాణంలో ఉన్న రేణువులు వస్తాయి. ధ్వని తరంగాల రసాయన ప్రభావాలపై రిచర్డ్స్, లూమిస్ 1927లోనే రాశారు. అయినా మందుల ఫ్యాక్టరీల్లో స్ఫటికాలు తీయడానికి దీని వాడకం ఇంకా కొద్దిగానే ఉంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. అల్ట్రాసౌండ్‌తో ద్రావణీయత పెరిగిందని చాలా వ్యాసాల్లో రాస్తున్నారు. చాలావరకు అది పొరపాటు. కల్లుప్పు వేసినా మెత్తటి ఉప్పు వేసినా గ్లాసు నీళ్లు ఇముడ్చుకునేది అంతే; మెత్తటిది త్వరగా కరుగుతుంది. మైక్రాన్ల స్థాయిలో మనం సాధించేదీ ఆ వేగమే. ఉపరితలం పెరిగితే కరిగే వేగం పెరుగుతుంది. ద్రావణీయతే నిజంగా మారిందంటే, స్ఫటిక రూపం మారి ఉండవచ్చు, లేదా మందు అస్ఫటికంగా మిగిలి ఉండవచ్చు. అప్పుడు సంబరపడే ముందు ఎక్స్‌రే డిఫ్రాక్షన్ చేయాలి. 1998లో రిటోనవిర్‌కు తక్కువ కరిగే కొత్త స్ఫటిక రూపం తలెత్తి, గుళికలను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ మందు మీద ప్రాణాలు పెట్టుకున్నవారు ఎయిడ్స్ రోగులు. ఆ సంగతి తలచుకుంటే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది.

పెద్ద రియాక్టర్‌కు వెళ్లేసరికి మరో రెండు ఇబ్బందులు. అల్ట్రాసౌండ్‌ను ద్రావణంలోకి పంపే ప్రోబ్ దగ్గర పడ్డ శక్తి దూరానికి చేరదు. ప్రోబ్ టైటానియం కొన అరిగి లోహపు రేణువులు మందులో కలుస్తాయి. ద్రావణమే ప్రోబ్ దగ్గరికి ప్రవహించే ఫ్లో సెల్ మొదటి ఇబ్బందిని తగ్గిస్తుంది. రెండోదానికి జవాబు ఇంకా వెతకాలి.

అందుకే ఈ సదస్సులో పత్రాలు చదివేవారిని కోరుతున్నాను. ‘సోనికేట్ చేశాం’ అని వదిలేయకండి. ద్రావణంలోకి నిజంగా చేరిన పవర్ లీటరుకు ఎన్ని వాట్లు, ఉష్ణోగ్రత ఎంత, ఏ దశలో ఎంతసేపు, పొడిలో టైటానియం ఎంత, అన్నీ చెప్పండి. మరో ప్రయోగశాలలో మరొకరు అదే పొడిని మళ్లీ తీయగలగాలి. ఇక మొదటి పత్ర సమర్పకులను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.