మట్టిలో కలియునది, కలియనిది

మామిడి కాలము వచ్చినదనగా, హైదరాబాదు నగరమునకు తూర్పున విజయవాడ రహదారి ప్రక్కనున్న బాటసింగారమునకు లారీలు బారులు తీరును. వానిలో వచ్చు పండ్లను గూర్చి అందరును మాటలాడుదురు. ధర యెంత, రుచి యెట్టిది, ఈ యేటి కాపు ఏపాటిది అనునవి మనకు పరిచితమైన ప్రశ్నలు. కాని బేరములు ముగిసి, కొన్నవారును అమ్మినవారును వెడలిపోయిన పిదప ఆ నేలమీద మిగులు పదార్థమును గూర్చి ప్రశ్నించువారు అరుదు. ఆ మిగులే నేటి ప్రసంగమునకు విషయము.

ఈ పండ్ల మార్కెట్టు బాటసింగారమున పుట్టినది కాదు. చాలకాలము అది కొత్తపేట ప్రాంతమునందలి గడ్డిఅన్నారమున నడచినది. ఆ స్థలమున పెద్ద ఆసుపత్రి నిర్మింప సంకల్పించి, 2021లో దానిని మూసివేసి, బాటసింగారములోని సరకుల రవాణా కేంద్రమునకు తాత్కాలికముగా తరలించిరి. శాశ్వతమైన మార్కెట్టును కోహెడలో నిర్మింపవలెనని ప్రభుత్వ సంకల్పము.

ఏ పండ్ల మార్కెట్టులోనైనను సాయంకాలమునకు ఊడ్చి కుప్పవేసిన చెత్తను చూడుడు. చితికిన మామిడిపండ్లు, బత్తాయిలు, పుచ్చకాయ చెక్కలు, పండ్ల అడుగున పరచిన వరిగడ్డి, చుట్టిన పాతకాగితములు అందుండును. వానితోపాటు పాలిథీను సంచులు, పండ్లకు తొడుగు నురుగు వలలు, ప్లాస్టిక్కు తాళ్లు, విరిగిన ట్రేలు, త్రాగి పారవేసిన నీళ్ల సీసాలును ఉండును. చూచు కంటికి అది యొక్కటే కుప్ప. మట్టికి మాత్రము అవి రెండు వేర్వేరు జాతులు.

కుళ్లుట యనగా నేమి? అది వస్తువు తనంత తాను నశించుట కాదు. మరియొక ప్రాణి దానిని ఆహారముగా గ్రహించుట. మట్టిలో కంటికి కానరాని సూక్ష్మజీవులు, శిలీంధ్రములు కోట్లకొలది కలవు. ఇవి తమ దేహములనుండి ఎంజైములను పదార్థములను స్రవింపజేసి, పండులోని చక్కెరను, పిండిని, గడ్డిలోని సెల్యులోజును చిన్న ముక్కలుగా విడగొట్టి భుజించును. తాళమునకు తాళపుచెవి అమరినట్లు ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్క ఎంజైము అమరును. సెల్యులోజు కోట్ల సంవత్సరములుగా భూమిపై నున్నది. కనుక దానికి తగిన తాళపుచెవి సూక్ష్మజీవులకు ఏనాడో లభించినది. పాలిథీను ఇంగ్లండులోని ఒక రసాయన పరిశోధనశాలలో 1933లో పుట్టిన పదార్థము. దాని కర్బనపు గొలుసులను త్రెంచుటకు తగిన సాధనము మట్టికి ఇంకను చక్కగా అమరలేదు. ఎండకు అది పెళుసై ముక్కలగును. ఆ ముక్కలు మరింత చిన్నవై మట్టిలోను నీటిలోను చేరును. కంటికి కానరానంత మాత్రమున నశించినట్లు కాదు.

మన పల్లెలలో ఇంటింటి వెనుక పెంటకుప్ప ఉండెడిది. పేడ, కసవు, బూడిద, ఎంగిలి విస్తళ్లు అన్నియు అందులో పడెడివి. ఏడాది తిరుగునప్పటికి అది ఎరువై బండ్లమీద పొలమునకు పోయెడిది. ఆల్బర్టు హోవార్డు అను వ్యవసాయ శాస్త్రజ్ఞుడు 1924 మొదలు 1931 వరకు ఇండోరులో పనిచేసి, ఈ దేశపు రైతుల అనుభవమును ఆధారము చేసికొని, తడిచెత్తను, పొడి ఆకులను, పేడను పొరలుగా పేర్చి గాలి తగులునట్లు తిరుగవేయు పద్ధతిని రూపొందించెను. అదియే ఇండోరు పద్ధతియని ప్రసిద్ధికెక్కినది. మన పెద్దలు చెత్తను వేరుచేయకుండుటకు కారణము అజ్ఞానము కాదు. వారి చెత్తలో వేరుచేయవలసినది లేదు. విస్తరి మోదుగాకుది, గంప వెదురుది, త్రాడు జనుపనారది. నేడు విస్తరి మారినది, గంప మారినది, త్రాడు మారినది. కుప్పలో పారవేయు అలవాటు మాత్రము మారలేదు. చిక్కంతయు ఇచ్చటనే కలదు.

ఈ రెండు జాతులను కలిపినచో రెండును చెడును. పాలిథీను సంచిలో మూటగట్టిన పండ్లకు గాలి తగులదు. గాలి లేనిచోట బ్రతుకు సూక్ష్మజీవులు వానిని కుళ్లించి మీథేను వాయువును పుట్టించును. నూరేండ్ల లెక్కలో చూచినచో, భూమిని వేడెక్కించుటయందు మీథేను బొగ్గుపులుసు వాయువుకంటె ఇరువదియైదు రెట్లకు పైగా బలవత్తరమైనది. కుప్పనుండి ఊరు నల్లని రసము నేలలోనికి ఇంకును. మరియొకవైపున, కడిగి కరగించినచో మరల పనికివచ్చు ప్లాస్టిక్కు కుళ్లుతో మలినమై యెవ్వరికిని అక్కరకు రాకుండును. నగరపు చెత్త యంతయు కలగలిపి పోసిన జవహర్‌నగరు కుప్ప కోటి టన్నులకు మించి పెరిగినది. దాని రసము చేరి మల్కారము చెరువు చెడినది. అచ్చటి ప్రజలు అనుభవించిన దుర్గంధము మనము కలిపి పారవేసిన పాపఫలమే.

పశువుల గతి మరింత దుస్సహము. పండ్ల వాసనకు వచ్చిన ఆవు సంచిని విప్పి తినలేదు, సంచితోనే మ్రింగును. పండు జీర్ణమగును, సంచి కడుపులో నిలిచిపోవును. శస్త్రచికిత్సలలో ఆవుల కడుపులనుండి పదుల కిలోల పాలిథీను వెలువడినది. పుట్టపర్తి యందలి కరుణా సొసైటీ అను జంతుసంరక్షణ సంస్థ ఈ విషయమై 2012లో సుప్రీంకోర్టును ఆశ్రయించినది.

ఇచ్చట రెండు పొరపాటులను నివారింపవలసియున్నది. కుళ్లునదంతయు నిరపాయకరమనుట మొదటిది. ఒకేచోట టన్నులకొలది కుళ్లిన పండ్లు ఈగలను, రోగములను, దుర్గంధమును తెచ్చును. కుళ్లనిదంతయు వ్యర్థమనుట రెండవది. గాజును, ఇనుమును, అల్యూమినియమును ఎన్ని మారులైనను కరగించి వాడవచ్చును. గట్టి ప్లాస్టిక్కు ట్రే యేండ్ల తరబడి పనిచేయును. దోషము వస్తువునందు కంటె ఒక్క గడియ వాడి పారవేయుటయందు ఎక్కువగా కలదు. మట్టిలో కలియునని అచ్చువేసి అమ్ము కొన్ని సంచులును ఎరువు తయారుచేయు కర్మాగారపు వేడిలోనే విడిపోవును గాని, రోడ్డు ప్రక్కన పారవేసినచో విడిపోవు.

దీనికి ఉపాయము దూరమున లేదు. బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పద్ధతితో ఒక యంత్రాగారమును నెలకొల్పిరి. రోజునకు సుమారు 10 టన్నుల చెత్తనుండి సుమారు 500 యూనిట్ల విద్యుత్తును, 30 కిలోల వంట యింధనమును పొందుచున్నట్లు 2021లో ప్రకటింపబడినది. గాలి చొరని తొట్టిలో మీథేనును పట్టి వాడుకొనుటయే అందలి రహస్యము. కుప్పలో శత్రువైన వాయువు తొట్టిలో మిత్రమగును. కాని ఆ తొట్టిలో సంచియు త్రాడును పడరాదు. అనగా యంత్రమునకు ముందు మనిషి చేయి పనిచేయవలెను.

ఆ పని చెత్తనెత్తు కార్మికుని మీద త్రోసివేయుట న్యాయము కాదు. వేరుచేయుట వస్తువును పారవేయువాని విధియని 2016 నాటి ఘనవ్యర్థ నియమములు స్పష్టముగా చెప్పినవి. దుకాణము వద్దనే తడిచెత్తకు ఒక తొట్టి, పొడిచెత్తకు మరియొకటి ఉన్నచో ఏజెంటునకు పట్టు కాలము కొన్ని నిమిషములు. కుప్పలో కలిసిన పిదప వేరుచేయుటకు హమాలీకి గాని, మునిసిపాలిటీ కార్మికురాలికి గాని దినమంతయు పట్టును. చేతులకు గాయములును అగును. ఇండ్లలోను ఇదియే న్యాయము.

బాటసింగారమున మార్కెట్టు తాత్కాలికము. ఒకనాడు లారీలు కోహెడకు మరలును. నేలపై పడిన మామిడిపండ్లు కొలది మాసములలో మట్టియగును. నురుగు వలలు, సంచులు మాత్రము మార్కెట్టు లేచిపోయిన పిదపను, మన బిడ్డల కాలమునను ఆ చేలలో నిలిచియుండును. కోహెడలో కట్టబోవు మార్కెట్టునందు దుకాణములకును, గోదాములకును స్థలము కేటాయించునప్పుడే ఈ రెండు తొట్టులకును, ఒక యెరువు శాలకును చోటు చూపించుట వివేకము. అంతవరకు, చేతిలోని తొక్కను, సంచిని ఒకేచోట విసరివేయక ముందు ఇది మట్టిలో కలియునా, కలియదా యని యెవరికి వారు ప్రశ్నించుకొన్న చాలును.